సగం పోసిన ఆసు

ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. మనిషి ఒంట్లో ఎముకలెన్ని అని ఎవరడిగినా తడుముకోకుండా రెండు వందల ఆరు అంటాను. అటువంటి నేను ఒక పెద్దావిడను, ఆమె ఎముకల మేలు కోరి, ఒక పగలూ ఒక రాత్రీ తమలపాకులోకి సున్నం లేకుండా కూర్చోబెట్టాను. ఈ తెలివితక్కువ పనిలో నాకు భాగస్తులెవరైనా ఉన్నారేమోనని చాలా ఏళ్లు వెతికాను. దొరకలేదు. అది పూర్తిగా నా స్వార్జితం.

ఇప్పుడెందుకు ఒప్పుకుంటున్నానంటే, మొన్న స్నానాల గదిలో జారి మోకాలు కొట్టుకున్నాను. డాక్టరు మోకాలు చూసి, తర్వాత నా వయసు చూసి, ఎముకల సాంద్రత పరీక్షకు చీటీ రాశాడు. నల్లగొండలో, రేపు పొద్దున తొమ్మిదికి. వాళ్లిచ్చిన కాగితం టేబుల్ మీద ఉంది. ఇరవై నాలుగు గంటల ముందు నుంచి క్యాల్షియం మాత్రలు ఆపాలి. వదులు బట్టలు వేసుకోవాలి. ఒంటిమీద లోహం ఉండకూడదు. ఉన్నవి మూడు వాక్యాలే. పొద్దుటి నుంచి పదిసార్లు చదివాను. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే తిరగాలనిపిస్తోంది. వరండాకూ వంటింటికీ మధ్య నా నడక చూసి మా ఆవిడ కూరగాయల కత్తి పక్కన పెట్టింది.

"ఉన్న బొక్కలు ఇయ్యాల్నే అరగదీస్తె రేపు వాళ్లు దేనికి ఫోటో తీస్తరు? జర కూసోరాదుండ్రి!"

నన్ను కూర్చోనివ్వనిది నా ఎముకలు కావు. మా మేనత్త. ఆమె పోయి మూడేళ్లయింది.

అత్తది మేముండే నకిరేకల్ నుంచి ఆటోలో పోవాల్సిన చేనేత ఊరు. మామ మగ్గం నేసేవాడు, అత్త ఆసు పోసేది. బొమ్మల చీర నేయాలంటే రంగు ముందు దారానికే అద్దాలి. అద్దే ముందు, అడ్డంగా నేసే పేక దారాన్ని ఒక చట్రానికి చుట్టాలి. ఈ చివర ఒక మేకు, ఆ చివర అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. దారం పట్టుకున్న చెయ్యి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతూనే ఉంటుంది. ఒక చీరకు కొన్ని వేల సార్లు. దాన్నే ఆసు పోయడం అంటారు. నేతింట్లో పుట్టి మాస్టరుగిరీలో పడ్డవాణ్ని కాబట్టి, నాకు తెలిసిన పేక, నాకు తెలిసిన ఆసు రెండూ ఆదివారాలు తోటి మాస్టర్లతో కూర్చుని ఆడినవే.

నలభై ఏళ్లు అదే పని చేసిన ఆ కుడిచెయ్యి పని లేనప్పుడూ ఆగేది కాదు. మాట్లాడుతుంటే ముందుకు పోయి వచ్చేది. బస్సులో కూర్చుంటే ముందు సీటు కమ్మీ దాకా పోయి వచ్చేది. పెళ్లి పంక్తిలో ఆమె కుడిపక్క కూర్చున్నవాళ్లు తమ విస్తరిని కొంచెం జరుపుకొనేవాళ్లు. ఒకసారి ఊళ్లో ఎవరో పోతే పరామర్శకు వెళ్లి, ఏడుస్తున్న మనిషి ముందు కూర్చుని చేత్తో గాలిలో దారం పోస్తూనే ఓదార్చింది. ఆ ఏడ్చే మనిషికి తల తిరిగిందని చెప్పుకున్నారు.

దూరాలను కూడా ఆమె ఆసుల్లోనే కొలిచేది. "నల్లగొండా? గదెంత, నాలుగు ఆసుల దూరం" అనేది. అంటే నాలుగు చీరలకు ఆమె చెయ్యి నడిచినంత. ఊళ్లో సగం ఇళ్లకు ఆసు పోసే మిషన్లు వచ్చాయి. మామ కూడా ఒకటి తెద్దామన్నాడు. "తే. తెచ్చి దాన్నే వండిపెట్టుమను" అన్నది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు మామ.

ఇక తమలపాకు. ఒళ్లో చిన్న బట్టసంచి, అందులో ఆకులు, వక్కలు, ఒక రేకు సున్నపు డబ్బీ. బొటనవేలి గోటితో సున్నం తీసి ఆకు వెనక రాయడం, మడవడం, దవడకు పెట్టడం, ఇదంతా ఎడమచేత్తోనే. కుడిచెయ్యికి తీరిక ఎక్కడిది?

ఒక రోజు ఆసు సగంలో ఉండగా మంచినీళ్లకని లేచింది. గడప దగ్గర కాలు మెలికపడి ఎడమచెయ్యి మీద పడింది. మణికట్టు చిట్లింది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ సగం దారంతో ఆసు అట్లాగే నిలబడి ఉంది. మామ దాని మీద పాత ధోవతి కప్పాడు. వెళ్లినప్పుడల్లా ఆ ధోవతి ఎత్తి చూపేది నాకు.

"ఇంక సగం పూట పని, అల్లుడా. సగం పూట."

"ఇంకెవరన్న పోస్తరు తియ్యత్తా. పక్కింటామె లేదా?"

"ఒక ఆసుల రెండు చేతులు వెడితె దారం బిగువు తేడా వడ్తది. రంగేసేటప్పుడు తెల్వది. నేసినంక బొమ్మలు ఇకిలిస్తయి."

కట్టు విప్పిన రోజు డాక్టరు ఆమె కుడిచెయ్యి గాలిలో తిరగడం కాసేపు చూశాడు. ఇంత చిన్న పడటానికే ఎముక చిట్లిందంటే లోపల బోలుగా ఉండొచ్చన్నాడు. స్కాన్ చేయించుకుని రమ్మన్నాడు. ఎముకలు బాగుంటే ఆసు పోసుకోవచ్చు, లేకపోతే ఆ పీట మీద మళ్లీ కూర్చోనే కూడదు.

అత్తకు అర్థమైంది ఒక్కటే. ఇది పరీక్ష. పాసైతే ఆసు. ఫెయిలైతే కుర్చీ.

"ఎన్ని మార్కులు రావాలె, సారూ?" అని అడిగింది నన్ను. పని పడ్డప్పుడు సారు, లేనప్పుడు అల్లుడు.

వారం రోజులు తయారయ్యింది. రోజూ రెండు గుడ్లు, రాగి జావ, పెరుగు, మామతో తెప్పించుకున్న మేక కాళ్ల పులుసు. రేపు పరీక్షనగా పుస్తకం తెరిచే పిల్లల్ని ముప్పై ఏళ్లు చూసినవాణ్ని, గుర్తుపట్టకుండా ఉంటానా? కానీ ఇప్పుడు తెరిచి లాభం లేదని వాళ్లకు చెప్పిన మాట ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు. ఆ సగం దారం నేనూ చూసి ఉన్నాను.

స్కానుకు ముందు రోజు పొద్దున్నే అత్తను నకిరేకల్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను. స్కాన్ వాళ్లిచ్చిన కాగితం తీసి గట్టిగా చదివాను. క్యాల్షియం మాత్రలు ఆపాలి. ఆమె మాత్రలేవీ వేసుకోవడం లేదు. అక్కడితో ఆగి ఉంటే నేను నేను కాను. క్యాల్షియం అంటే ఏమిటి? సున్నం. సున్నం ఎక్కడుంది? డబ్బీలో. బోర్డు మీద సమీకరణం రాసినంత ధీమాగా చెయ్యి చాపాను.

"డబ్బీ ఇటియ్యి, అత్తా."

"ఎందుకు?"

"రేపు తొమ్మిది దాంక సున్నం బంద్. ఫోటోల తప్పు వడ్తది. మల్ల పాసైనవో ఫెయిలైనవో ఎట్ల తెలుస్తది?"

పాస్ అనే మాట వినగానే ఇచ్చేసింది. నలభై ఏళ్లలో ఆ డబ్బీ ఆమె ఒళ్లోంచి ఇంకొకరి చేతికి పోవడం అదే మొదటిసారని తర్వాత మామ చెప్పాడు. ఫోన్లో విషయం విని ఆయన దాన్ని రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆఖరికి అన్నాడు: "సున్నం బంద్ వెట్టిచ్చినవా? నువ్వు సదువుకున్నోడివిరా."

ఆ రోజు మా ఇల్లు ఇల్లులా లేదు. అత్త సున్నం లేని ఆకు నమిలింది, ఉమ్మింది. "ఎర్రగ కాని ఆకు ఆకా? మేక తిన్నట్టుంది." వరండా ఊడ్చింది. ఊడ్చిన వరండాను మళ్లీ ఊడ్చింది. మా ఆవిడ చెరిగి పెట్టిన బియ్యాన్ని తిరిగి చెరిగింది. గేటు దాకా పోయి హైవే మీద లారీలు చూసి వచ్చింది. కూర్చున్నప్పుడు కుడిచెయ్యి మామూలు కంటే రెండింతల వేగంతో నడిచింది. ఆ లెక్కన ఆ ఒక్క రోజే పది చీరలకు సరిపడా గాలి పోసి ఉంటుంది. మధ్యాహ్నం చూస్తే ముందు గది గోడను వేలితో గీరి, వేలు వెలుతురుకు పెట్టి చూస్తోంది.

"అది సున్నం కాదత్తా. పెయింటు."

"గదే చూస్తున్న. ఏం కొంపరా ఇది, గోడకు సుత సున్నం లేదు!"

సాయంత్రం లోహాల లెక్క తీశాం. వేళ్లకు మట్టెలు, చెవులకు కమ్మలు, పుస్తెలతాడు. ఆ తాడుకు పుస్తెలతో పాటు ఏడు పిన్నీసులు, ఒక చెవిపుల్ల, మా ఇంటి బీరువాది అని తర్వాత తేలిన ఒక తాళంచెవి. మామ ఉండగా పుస్తెలు తీయనంది. మా ఆవిడ పసుపుకొమ్ము కట్టిన దారం మెడలో వేశాకే తాడు తీయనిచ్చింది. తీశాక ఆ మెడ చిన్నపిల్ల మెడలా కనిపించింది. ఆమె కూడా తడుముకుని చూసుకుంది. "జర త్వరగ తెల్లారితె బాగుండు" అంది. ఆమె గొంతులో భయం నేను విన్నది ఆ ఒక్కసారే.

స్కాన్ గదిలో ఒక అమ్మాయి ఉంది, విజయవాడ వైపు మనిషి. "బొక్కల ఫోటో నువ్వేనా తీసేది బిడ్డా?" అని అత్త అడిగితే అయోమయంగా నావైపు చూసింది. మా దగ్గర బొక్కలంటే ఎముకలనీ, వాళ్ల దగ్గర చిల్లులనీ వివరించాను. రిపోర్టు వచ్చాక రెండూ ఒకటేనని తేలింది గానీ, అది తర్వాతి సంగతి.

"క్యాల్షియం మాత్రలేమన్నా వేసుకున్నారా?" అని అడిగింది ఆ అమ్మాయి.

ఇది నా ఘడియ అనుకున్నాను. "మాత్రలేంటమ్మా, నిన్న పొద్దుటి నుంచి తమలపాకులోకి సున్నం కూడా ముట్టనివ్వలేదు."

ఆ అమ్మాయి ఆపుకుందామనే చూసింది, పాపం. ఆగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, "మాత్ర అరక్కుండా పొట్టలో ఉంటే వెన్నెముక మీద మచ్చలా పడుతుందని వద్దంటాం సార్. ఆకుకు రాసే ఆ రవ్వంత సున్నంతో ఏమీ కాదు. పాపం పెద్దావిడ!" అంది.

అత్త బల్ల మీద పడుకుని తల ఇటు తిప్పి నన్ను చూసింది, అంతే. ఆ చూపు ముందు రెండు వందల ఆరూ వణికాయి.

తర్వాత అసలు కష్టం మొదలైంది. బల్ల మీద కదలకూడదు. కుడిచెయ్యి ఆగదు. చెయ్యి ఊగితే నడుమూ ఊగుతోందని ఆ అమ్మాయి రెండుసార్లు ఆపేసింది. "చెయ్యి పట్టుకోండి సార్" అంది మూడోసారి. పట్టుకున్నాను. రెండు చేతులతో పట్టుకున్నాను. సన్నటి చెయ్యి, లోపల మాత్రం నా పిడికిలిని లాక్కుపోయే బలం. కప్పలో, బొద్దింకలో ఏ కండరం ఎక్కడుందో పిల్లలకు చూపించినవాణ్ని. మనిషి చేతిలో నలభై ఏళ్ల పని ఇట్లా కొట్టుకుంటుందని ఆ రోజే తెలిసింది. పైన మిషను మెల్లగా పోతోంది. "ఇంకెంతసేపు?" అని అత్త కళ్లు మూసుకునే అడిగింది. "అయిపాయె అత్తా, అయిపాయె" అన్నాను. అప్పటికి సగం కూడా కాలేదు.

రిపోర్టు చూసి డాక్టరు తల అడ్డంగా ఆడించాడు.

"సున్నకు దగ్గరగా ఉంటే మంచిదమ్మా. మీది మైనస్‌లోకి బాగా దిగిపోయింది. ఎముకలు బోలుగా ఉన్నాయి. ఈసారి పడితే తుంటి విరుగుతుంది. ఆసు వద్దు, ఆ కింది పీటలు వద్దు. కుర్చీలో కూర్చోండి. మందులు వాడండి."

"మైనస్ అంటె?" అని నన్నడిగింది అత్త.

"సున్న కంటె కింద, అత్తా."

"ఉండదా మరి? సున్నం బంద్ వెడితివి. సున్న కంటె కిందనే ఉంటది."

డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. అది ఆమెకు హాస్యం కాదు. మొన్నటి దాకా బొక్కలు గట్టిగానే ఉన్నాయని, ఒక్క రోజు సున్నం అందక దిగిపోయాయని నిజంగానే నమ్మింది. డబ్బీ తిరిగిచ్చి ఇంకోసారి స్కాన్ చేయించమంది. అట్లా రెండోసారి రాయరని చెబితే, నా చదువు గురించి ఆటోవాడికి మొదలుపెట్టి ఊరు వచ్చేదాకా చెప్పింది. వారంలో ఊళ్లో నా పేరు సున్నం సారు. పెళ్లిళ్లలో నన్ను చూసి వరుసైన ఆడవాళ్లు, "సారొచ్చిండు, డబ్బీలు దాచుకోండ్రి" అనేవాళ్లు. ఎదురు చెప్పకుండా అన్నీ భరించాను. అంతమంది నవ్వుల వెనక ఆమె ఆసు ఆగిపోయి ఉంది మరి.

పదిహేను రోజులకు కబురు పెట్టింది. వెళితే ధోవతి తీసేసి ఉంది. పీట వేసి ఉంది.

"కూసో."

"నేనా?"

"నువ్వే. పాడుజేసింది నువ్వు, పోసేది నువ్వు. ఇంకెవరి చెయ్యి వెట్టనియ్య. నీది మా నాయిన చెయ్యి. గా బొటనేలు సూడు, గదే వంకర. నాది సుత ఆయన చెయ్యే. బిగువు తేడా రాదు."

ఒక పుట్టింటి రక్తానికి ఒకే బిగువు ఉంటుందని ఆమె శాస్త్రం. సున్నం గురించి నా శాస్త్రం ఎట్లాంటిదో తేలిపోయింది కాబట్టి ఎదురు చెప్పే అర్హత నాకు లేదు. కూర్చున్నాను.

ఆమె వెనక కుర్చీలో కూర్చుంది. నేను దారం పోస్తుంటే, ఆమె చెయ్యి గాలిలో నాతో పాటు పోసింది. "గుంజకు. ఇడువకు. పో... రా... పో... రా." మొదటి పావుగంట సరదాగానే ఉంది. అరగంటకు భుజం మండింది. గంటకు మెడ నుంచి మోచేతి దాకా ఎవరో తీగ లాగుతున్నట్టయింది. ఇట్లాంటివి రోజుకు రెండు ఆసులు, నలభై ఏళ్లు! వెనక్కి చూడకుండా, ఎట్లా చేసినవు అత్తా అని అడిగాను. "చేస్తున్ననని సోయి ఉంటె గద" అంది.

కాసేపటికి వెనక నుంచి "పో, రా" ఆగిపోయింది. తిరిగి చూశాను. ఆమె కుడిచెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉంది. నా దారాన్నే చూస్తోంది. ఆ బిగువు వాళ్ల నాయినది కాదని ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. నాకు మాత్రం మామ ఆ చీర నేసి ఫోను చేశాకే తెలిసింది.

"అల్లుడా, కొంగు దిక్కు చిలుకలు జరిగినయిరా. ముక్కు ఒక దిక్కు, మొఖం ఒక దిక్కు. ఎంత సదిరినా కుదురుతలేదు. దీన్ని చీరలు కొనే సేటు ముట్టడు."

"ఎవరికీ చూపకు మామా. అత్తకు సుత. నాకియ్యి" అన్నాను.

మామ నా మొహం చూడకపోయినా విషయం పట్టేశాడు. నలభై ఏళ్ల సంసారం ఆయనది. "ఎల్లుండి వచ్చి తీస్కపో" అన్నాడు గొంతు తగ్గించి. సేటు తీసుకున్నాడని అత్తకు చెప్పుకున్నాడు.

మా వైపు ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు కొన్నేళ్లకొకసారి ఒడిబియ్యం పోస్తారు. కొత్త చీర పెడతారు. ఆమె దాన్ని అప్పటికప్పుడే కట్టుకుని పీట మీద కూర్చుంటే, ముత్తయిదువలు పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. అది పుట్టింటి చీర. వద్దనకూడదు, వంక పెట్టకూడదు. మా ఇళ్లల్లోనైతే దీపం పెట్టే వేళ దాకా విప్పకూడదు కూడా. డాక్టరు పీట వద్దన్నాడు కాబట్టి అత్తకు కుర్చీలోనే పోద్దామని, ఆ ఏడు మా ఆవిడా నేనూ బయల్దేరాం.

అత్త మేమిచ్చిన సంచిలోంచి చీర తీసింది. మడత విప్పింది. చూపుడువేలు ఒక చిలుక మెడ దగ్గర ఆగింది.

"అల్లుడా."

"ఏందత్తా?"

"గిది మా మగ్గం మీది చీర."

"అవునత్తా. సగం నీ చెయ్యి, సగం మీ నాయిన చెయ్యి."

మామ ఉన్నట్టుండి కండువాతో మొహం తుడుచుకుంటూ బయటికి పోయాడు. అత్త చీరతో లోపలి గదిలోకి పోయింది. చాలాసేపు రాలేదు. తిరగేసి చూసుకుంటోందని నాకు తెలుసు. ఈ నేతకు ఆ వీలు లేదు. రంగు దారంలోనే ఉంటుంది, ఎటు తిప్పినా అదే చిలుక, అదే ముక్కు. కుచ్చిళ్లలో దాచుకుందామంటే చెడ్డ సగం కొంగు వైపు పడింది.

వచ్చి కూర్చుంది. మొదటి దోసిలి పోయడానికి వంగిన పక్కింటామె, ఊళ్లో అత్త తర్వాత అంతటి చెయ్యి ఆమెదే, బియ్యం పట్టుకునే కొంగు వైపు చూస్తూ ఉండిపోయింది.

"గీ ఆసు ఎవరు పోసిండ్రక్కా?"

అత్త నా వైపు చూసింది. 'నేను' అని చెబితే తన నలభై ఏళ్ల పేరు పోతుంది. 'అల్లుడు' అని చెబితే పుట్టింటి పరువు పోతుంది.

"మా పుట్టింటోళ్లు వెట్టిండ్రు" అంది.

"వెట్టింది గాదక్కా, పోసింది..."

"ముందుగాల బియ్యం వొయ్యి. గా పోసుడు సంగతి మల్ల మాట్లాడుదం."

ఆ పూట ఇంటికి వచ్చిన ప్రతి ఆడమనిషీ కొంగు చేతిలోకి తీసుకుని చూసింది. ప్రతిసారీ అత్త మాట మార్చింది, ఆ వెంటనే నన్ను చూసింది. ఆఖరి ఆటో పోతుందని మా ఆవిడ మూడుసార్లు అంది. నేను కొంగు బాగా కనపడేటట్టు కుర్చీ గుమ్మం పక్కకు జరుపుకొని, దీపం పెట్టేదాకా అక్కడే కదలకుండా కూర్చున్నాను.